పిలుపులో న్యాయం: పదమర్యాదకు ఇంకా విలువ ఉన్నదా?

ఒక మనిషిని గాని, ఒక సమూహాన్ని గాని ఏ పేరుతో పిలవాలి అనే ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఆ ప్రశ్న చుట్టూ కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్న వివాదం చిన్నది కాదు. ఇంగ్లీషులో దీనిని ‘పొలిటికల్ కరెక్ట్‌నెస్’ అంటున్నారు. జాతి, మతం, కులం, అంగవైకల్యం వంటి కారణాల వల్ల చిన్నచూపుకు గురి అవుతున్న వారిని గురించి మాట్లాడేటప్పుడు, వారిని కించపరచే పదాలను విడిచిపెట్టి గౌరవం గల పదాలను వాడటమే దాని స్థూలమైన అర్థం. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. పదమర్యాద అంటే చాలావరకు సరిపోతుంది.

ఈ పదమర్యాద మీద వచ్చే ఆక్షేపణలు ముఖ్యంగా మూడు. మొదటిది, ఇది మాట్లాడే స్వేచ్ఛకు సంకెల అన్నది. రెండవది, పేరు మారినంత మాత్రాన బ్రతుకు మారదు గనుక ఇది వట్టి కపటం అన్నది. మూడవది, ఇది చదువుకున్న వారి వేడుక, పల్లె ప్రజలకు దీనితో పని లేదు అన్నది. ఈ మూడింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే కొంత నిజం ఉన్నందువల్ల మొత్తం తీర్పు సరైనదైపోదు. తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఎలా నడిచిందో వివరంగా చూచినప్పుడే దీని బరువు తేలుతుంది.

ఎగతాళిగా మారిన మాట

ఈ ఇంగ్లీషు మాట చరిత్ర విచిత్రమైనది. 1970, 80 దశకాలలో అమెరికాలోని వామపక్షీయులు తమలో తాము హాస్యానికి దీనిని వాడుకునేవారు. తమవాడే ఒకడు సిద్ధాంతాన్ని మరీ అక్షరాలా పట్టుకుని కూర్చుంటే, అతనిని ఆటపట్టించటానికి ఈ మాట ఉపయోగపడేది. 1990 ప్రాంతంలో ఇది చేతులు మారింది. విశ్వవిద్యాలయాలలో వస్తున్న మార్పులు నచ్చని వారు దీనిని నిందగా వాడసాగారు. 1990లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీనిపై వ్యాసం ప్రచురించింది. 1991 మే నెలలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ మిచిగన్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో దీనిని విమర్శించాడు. ఆ తరువాత ఇది ఇంటింటి మాట అయింది. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. ‘మేము పొలిటికల్ కరెక్ట్‌నెస్‌ను పాటిస్తున్నాము’ అని గర్వంగా చెప్పుకొనేవారు అరుదు. ఎదుటివారిని నిందించటానికే ఈ మాట ఎక్కువగా ఉపయోగపడుతూ వచ్చింది.

ఆ నింద ఎక్కడికి దారితీసిందో 2015వ సంవత్సరం చూపింది. ఆ ఏడు ఆగస్టులో జరిగిన ఎన్నికల చర్చలో, స్త్రీలను గురించి ఆడిన తూలనాటి మాటలపై ప్రశ్న వచ్చినప్పుడు, డొనాల్డ్ ట్రంప్ దేశానికి పట్టిన పెద్ద జబ్బు ఈ పదమర్యాదేనని జవాబు చెప్పాడు. నాలుగు నెలల తరువాత డిసెంబరులో, ముస్లిములను అమెరికాలోకి రానీయకుండా పూర్తిగా ఆపాలనే ప్రకటన చేశాడు. 2017 జనవరిలో ఏడు దేశాల ప్రజల ప్రవేశాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు వెలువడింది. సవరణల తరువాత దాని మూడవ రూపాన్ని 2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురి మొగ్గుతో సమర్థించింది. మాటలో అదుపు తప్పటం వేరు, చేతలో అన్యాయం వేరు అని వాదించేవారు ఈ మూడేళ్ల వరుసను ఒకసారి చూడాలి. మొదట మర్యాద ఎగతాళి పాలైంది. తరువాత ఒక సమూహం పేరెత్తి నిషేధం కోరటం సాధారణ విషయమైంది. చివరకు విమానాశ్రయాలలో తలుపులు మూసుకున్నాయి.

పేరు ఎవరు పెట్టారు?

తెలుగు దేశంలో ఈ ప్రశ్న అమెరికా నుండి దిగుమతి అయినది కాదు. ఆ ఇంగ్లీషు మాట పుట్టకముందే ఇక్కడ దానిపై సభలు జరిగాయి. 1917లో బెజవాడలో అంటరానివారిగా చూడబడుతున్న కులాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆ సభ ‘పంచమ’ మహాసభ అనే పేరుతో ఏర్పాటయింది. హైదరాబాదు నుండి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ప్రశ్నించాడు. తాము నాలుగు వర్ణాల తరువాత మిగిలిపోయిన అయిదవ లెక్క కాదని, ఈ నేలకు మొదటివారమని చెప్పాడు. సభ తన పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకున్నది. 1922లో మద్రాసు ప్రభుత్వం తన దస్తావేజులలో పాత పేర్లకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అంగీకరించింది. 1931 జనాభా లెక్కలలో నిజాం రాజ్యం ఆది హిందూ అనే పేరును గుర్తించింది.

దీనితో ‘హరిజన’ అనే పదం చరిత్రను పోల్చి చూడాలి. 1932–33 ప్రాంతంలో గాంధీజీ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ఉద్దేశంలో దురుద్దేశం లేదు. పాత పేర్లలోని అసహ్యాన్ని తుడిచివేయాలనే ఆయన కోరుకున్నాడు. అయినా ఆ పేరును ఏ సమూహానికి పెట్టారో ఆ సమూహంలో చాలామంది దానిని ఒప్పుకోలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఈ పదం చేరినప్పుడు అంబేద్కర్, ఆయన పక్ష సభ్యులు సభ నుండి వెళ్లిపోయారు. 1982లో కేంద్ర ప్రభుత్వమే అధికార పత్రాలలో ఈ పదాన్ని వాడరాదని రాష్ట్రాలకు సూచించింది. తెలుగునాట 1985లో కారంచేడు హత్యాకాండ తరువాత దళిత మహాసభ ఏర్పడిన నాటి నుండి ‘దళిత’ అనే మాట స్థిరపడింది. 2017 నాటికి సుప్రీంకోర్టు కూడా ‘హరిజన’ పదం నేడు అవమానకరంగా వాడబడుతున్నదని వ్యాఖ్యానించింది.

ఆది ఆంధ్ర, హరిజన అనే రెండు పేర్లూ గౌరవం కోసమే పుట్టాయి. ఒకటి ఆ ప్రజలే తమకు పెట్టుకున్నది. మరొకటి ఇతరులు ప్రసాదించినది. మొదటి దానిలో హక్కు ఉన్నది, రెండవ దానిలో దయ ఉన్నది. దయతో ఇచ్చిన పేరు అర్థంలో ఎంత పవిత్రమైనదైనా, పిలవబడే మనిషిని నోరు లేనివానిగానే నిలబెడుతుంది. కనుక పదమర్యాదకు మొదటి కొలత పదం తీయదనం కాదు. ఆ పేరును ఎవరు ఎన్నుకున్నారు అన్నదే మొదటి కొలత.

ఈ కొలతతో చూస్తే మరొక చిక్కు కూడా విడిపోతుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు, అందులోని వారు తమ కులం పేరును దాచుకోలేదు. ఇంటిపేరుకు బదులు, చదువు డిగ్రీకి బదులు ‘మాదిగ’ అని తమ పేర్ల చివర చేర్చుకున్నారు. శతాబ్దాలుగా తిట్టుగా వాడబడిన పదాన్ని తలపాగాగా చుట్టుకున్నారు. ఆ పేరు చెప్పుకొనకపోతే వర్గీకరణ అనే కోరికకే ఆధారం ఉండదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల ఉపవర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉన్నదని తీర్పు చెప్పింది. ముప్పయి ఏళ్ల ఆ పోరాటం అణచివేతను సూచించే పేరుతోనే నడిచింది.

చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. ఒకే కులం పేరు ధ్రువపత్రంలో ఉంటే హక్కు. అదే పేరుతో నలుగురిలో ఆ కులంవానిని దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. పదం ఒకటే. పలికే నోరు, పలికే ఉద్దేశం వేరు. కొన్ని పదాలను జాబితా రాసి నిషేధిస్తే చాలునని భావించే పదమర్యాదవాదులు ఈ భేదాన్ని మరచిపోతున్నారు.

‘తురక’ నుండి ‘ముస్లిం’ వరకు

ముస్లిములను తెలుగులో పిలిచిన పేర్లకు కూడా ఇటువంటి చరిత్రే ఉన్నది. పాత శాసనాలలో కనిపించే తురుష్క శబ్దం నుండి ‘తురక’ వచ్చింది. మొదట అది ఒక జాతి పేరు. టర్కీ భాషలు మాట్లాడే సైనికులను, వారి రాజులను సూచించేది. మతాన్ని బట్టి పెట్టిన పేరు కాదు. నాటి రచనలలో ఉత్తరాది సుల్తానులను అశ్వపతులని, ఒరిస్సా రాజులను గజపతులని, విజయనగర రాజులను నరపతులని ఒకే వరుసలో చెప్పేవారు. శత్రువులైనా సాటి రాజులే అన్న గుర్తింపు ఆ వరుసలో ఉన్నది.

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితం ఇచ్చాడు. ఆ ప్రభువు అధికారి అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగన ‘యయాతి చరిత్రము’ అంకితమైంది. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరు పొందిన కృతికి భర్త ఒక ముస్లిం కావటం సామాన్య విషయం కాదు. అరబ్బీ పేరును తెలుగు నోటికి తగినట్లు మలచుకొని, అందులో రాముణ్ణి చూడగలిగిన భాష ఇది. పరాయి పేరును అవమానం లేకుండా తనదిగా చేసుకోవటం తెలుగుకు చేతకానిది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

తరువాతి కాలంలో ‘తురక’ అర్థం మారింది. పల్లెలలో ఈనాటికీ పెద్దలు కొందరు ఏ ద్వేషమూ లేకుండా ఆ మాట అంటారు. కాని తిట్టులోనూ, వేళాకోళంలోనూ, సినిమా హాస్యంలోనూ అది పడి పడి వాసి చెడింది. ‘ఆ మాట మూలంలో జాతి పేరే కదా, ఎందుకు నొచ్చుకోవాలి?’ అనే నిఘంటువు వాదన ఇక్కడ చెల్లదు. పదానికి విలువ కట్టవలసింది దాని పుట్టుకను బట్టి కాదు, నేడు అది చేస్తున్న పనిని బట్టి. ఇదే రెండవ కొలత.

ఈ కొలతకు దివ్య ఖుర్ఆన్‌లోనే స్పష్టమైన ఆధారం ఉన్నది. మదీనాలో దైవప్రవక్త (స)ను సంబోధించటానికి ‘రాఇనా’ అనే మాట వాడుకలో ఉండేది. తమ వైపు దృష్టి ఉంచమని దాని అర్థం. అందులో తప్పేమీ లేదు. కాని కొందరు ఆ మాటను నాలుక తిప్పి పలికి అవహేళనగా మార్చారు. అప్పుడు విశ్వాసులు ఆ మాటను విడిచి ‘ఉన్‌జుర్నా’ అనాలని బఖరా సూరా 104వ ఆయతు ఆదేశించింది. విశ్వాసుల ఉద్దేశం మంచిదే, పదం మూలార్థమూ మంచిదే. అయినా వాడుకలో చెడిపోయింది గనుక దానిని మార్చవలసి వచ్చింది. ఒక మాటను మార్చుకోవటం బలహీనత అని తలచేవారు ఈ ఆయతును మళ్లీ చదువుకోవటం మంచిది.

‘మహమ్మదీయులు’ అనే మాట సంగతి కొంత వేరు. అందులో ద్వేషం లేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్ కళాశాల పేరులోనే దాని ఇంగ్లీషు రూపం ఉండేది. కాని అది ఒక మతాన్ని వ్యక్తిపూజగా అపార్థం చేస్తున్నది. 1949లో హెచ్.ఎ.ఆర్. గిబ్ ‘మహమ్మదనిజం’ అనే పేరుతోనే ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. తరువాతి ముద్రణలలో ఆ గ్రంథానికి ‘ఇస్లాం’ అనే పేరు వచ్చింది. ఇక్కడ మార్పుకు కారణం ఎవరి మనసో నొచ్చుకోవటం మాత్రమే కాదు. పాత పేరు వాస్తవానికి దూరం. మంచి పదమర్యాద చాలాసార్లు మంచి పాండిత్యమే.

ముఖం తిప్పుకొనని మాట

పేరు మారి బ్రతుకు మారకపోవటమనే రెండవ ఆక్షేపణకు అంగవైకల్యం గలవారి విషయం మంచి పరీక్ష. తెలుగులో కుంటి, గుడ్డి, చెవిటి అనే పదాలు మనిషి పేరుకు ముందు తగిలించి పిలవటం తరతరాల అలవాటు. తరువాత ‘వికలాంగులు’ వచ్చింది. ఆపైన ప్రభుత్వ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ చేరింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ‘దివ్యాంగ’ అనే మాటను సూచించాడు. 2016లో వచ్చిన కొత్త చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుండి 21కి పెంచి, ఉద్యోగాలలో రిజర్వేషను 4 శాతం చేసింది. ఇది నిజమైన మేలు.

అయితే ‘దివ్యాంగ’ అనే మాటను ఆ వర్గంలోనే ఎందరో వ్యతిరేకించారు. తమ అంగాలలో దివ్యత్వం ఏమీ లేదని, ఎక్కటానికి వీలైన మెట్లు, చదవటానికి వీలైన పుస్తకాలు, దిగటానికి వీలైన బస్సులు కావాలని వారన్నారు. వారి మాట ఎంత నిజమో 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పులో తేలింది. బహిరంగ స్థలాలను అందరికీ అందుబాటులో ఉంచటానికి చేసిన నియమం చాలావరకు సలహాగానే ఉన్నదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కోర్టు ఆదేశించింది. దివ్యమైన పేరు వచ్చి తొమ్మిదేళ్లు అయింది. మెట్ల పక్కన వాలుబాట కట్టటం మాత్రం అప్పటికింకా సలహాగానే ఉన్నది.

ఈ సందర్భంలో అబస సూరా సంఘటన గుర్తుకు వస్తుంది. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతూ ఉండగా అంధుడైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ వచ్చి ధర్మం నేర్పమని అడిగాడు. ఆ క్షణంలో ప్రవక్త (స) నొసలు ముడిచి ముఖం తిప్పుకోగా, దానిపై దైవం నుండి మందలింపు వచ్చింది. ఆ ఆయతులలో ఆయనను ‘అంధుడు’ అనే ఉన్న మాటతోనే ప్రస్తావించటం జరిగింది. అందమైన బిరుదు ఏదీ రాలేదు. దిద్దబడినది పదం కాదు, తిప్పుకున్న ముఖం. ఆ తరువాత అదే వ్యక్తి మదీనాలో బిలాల్‌తో పాటు అజాన్ పలికాడు. ప్రవక్త (స) ప్రయాణాలలో ఉన్నప్పుడు మదీనాలో ప్రతినిధిగా నిలిచాడు.

ఇందులో మూడవ కొలత దొరుకుతున్నది. ఉన్నదున్నట్లు చెప్పే మాట ఎప్పుడూ అవమానం కాదు. పొగిడే మాట ఎప్పుడూ గౌరవం కాదు. ఆ మాట పలికినవాని ముఖం ఎదుటి మనిషి వైపు తిరిగి ఉన్నదా, పక్కకు తిరిగి ఉన్నదా అని చూడాలి. గొప్ప పేరు ఒకటి ఇచ్చి బాధ్యత నుండి తప్పుకోవటం కూడా ముఖం తిప్పుకోవటమే.

సొంత ఇంటి లెక్క

పదమర్యాదను ఇతరుల నుండి కోరే సమాజం తన ఇంట్లో దానిని ఎంత పాటిస్తున్నది అనేది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. భారత ముస్లిం సమాజంలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే విభజన మాటలు ఎప్పటినుండో ఉన్నాయి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా వీటిని ప్రస్తావించవలసి వచ్చింది. చివరి మాటకు అర్థం నీచులని. సమానత్వం ప్రకటించిన ధర్మాన్ని అనుసరించేవారి నోట ఆ పదం తరతరాలుగా నిలిచి ఉండటం చిన్న విషయం కాదు.

తెలుగునాట దూదేకుల వారి సంగతి అందరికీ తెలిసినదే. దూది ఏకే వృత్తి పేరు వారికి కులం పేరయింది. వారి తెలుగును, వారి పేర్లను, వారి ఆచారాలను ఎగతాళి చేసినవారిలో ఇతర మతాలవారే కాదు, సాటి ముస్లిములూ ఉన్నారు. నూర్‌బాషా అనే పేరును వారు ఎన్నుకోవటంలో ఆ ఎగతాళికి జవాబు ఉన్నది. మరొక పక్క వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనే పేర్లు కలిపి ఉన్నాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను ఇచ్చే చట్టం చేసినప్పుడు, హజాం, ధోబీ ముస్లిం, అత్తరు సాయిబులు, ఫకీరు సాయిబులు, తురక కాశ వంటి పేర్లు అందులో చేరాయి. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది.

వీధిలో, పెండ్లి సంబంధాలలో తలవంపుగా తోచే ఆ పేరే పిల్లవాని కళాశాల దరఖాస్తులో ఆధారం. ‘ఇస్లాంలో కులం లేదు గనుక ఈ పేర్లు ఎత్తరాదు’ అని చెప్పటం వినటానికి గొప్పగా ఉంటుంది. కాని ఆ పేర్లను ఎత్తకుండా చేస్తే వెనుకబాటు మాయం కాదు, దానికి సాక్ష్యం మాత్రమే మాయమవుతుంది. సిద్ధాంతం పేరుతో బాధను మాట్లాడనీయకపోవటం కూడా ఒక విధమైన కపట పదమర్యాదే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ వంటి రచనలు, సంకలనాలు వచ్చిన తరువాత తెలుగు సాహిత్యంలో ముస్లిం జీవితం సొంత గొంతుతో వినిపించింది. ఆ గొంతు సమాజం లోపలి అంతరాలను దాచకుండా ఉన్నప్పుడే దానికి బలం.

బుఖారీ హదీసు సంపుటంలో అబూజర్ వృత్తాంతం ఉన్నది. ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి దెప్పిపొడిచాడు. ఆ వ్యక్తి బిలాల్ అని ప్రసిద్ధి. బుఖారీలో మాత్రం పేరు లేదు. ప్రవక్త (స) ఆయనలో ఇంకా అజ్ఞాన కాలపు లక్షణం మిగిలి ఉన్నదని మందలించారు. అంతటితో ఊరుకోలేదు. చేతికింద ఉన్నవారు సోదరులని, తాము తినేదే వారికి పెట్టాలని, తాము కట్టేదే వారికి కట్టించాలని, శక్తికి మించిన పని చెప్పరాదని ఆదేశించారు. మరొక హదీసులో, సేవకులను ‘నా బానిస’ అని పిలవరాదని, పిల్లవాడు, పిల్ల అనే అర్థం గల మాటలతో పిలవాలని ఉన్నది. ఈ రెండు బోధనలను కలిపి చదవాలి. మాట మార్చమనటం ఒక సగం, అన్నమూ బట్టా సమం చేయమనటం మరొక సగం. అబూజర్ తరువాత తన సేవకునితో సమానంగా వస్త్రం ధరించి కనిపించినందువల్లనే ఈ హదీసు చెప్పవలసిన సందర్భం వచ్చింది. వట్టి మాట మారి ఉంటే అది ఎవరి కంటా పడేది కాదు.

ఇదే న్యాయం ఇతరులను పిలిచే తీరుకూ వర్తిస్తుంది. ‘కాఫిర్’ అనేది ధర్మశాస్త్రంలో నిర్దిష్టమైన అర్థం గల పదం. దానిని ఇరుగుపొరుగు వారిపై తిట్టుగా విసరటం ఆ శాస్త్రానికే అన్యాయం. ఇతరులు ఆరాధించేవాటిని దూషించరాదని అన్‌ఆమ్ సూరా 108వ ఆయతు నిషేధించింది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవటాన్ని, చెడ్డపేర్లతో పిలుచుకోవటాన్ని హుజురాత్ సూరా 11వ ఆయతు నిషేధించింది. ‘తురక’ అన్న మాటకు నొచ్చుకునేవారు తమ నోటి లెక్కను కూడా చూచుకొనక తప్పదు.

స్వేచ్ఛ, చదువు అనే ఆక్షేపణలు

మొదటి, మూడవ ఆక్షేపణలకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. పదమర్యాద పేరుతో అతి జరుగుతున్న మాట నిజం. ఒక తప్పు పదం దొర్లినందుకు మనిషి జీవితకాలపు పనిని తుడిచివేయటం, కొత్త పదం తెలియని వానిని దుర్మార్గునిగా ముద్రవేయటం న్యాయం కాదు. పల్లెలో ముసలివాడు పక్కింటి వానిని ‘సాయిబూ’ అని పిలిచి తన చేలో కాసిన కాయగూరలు ఇచ్చి పంపుతాడు. పట్నంలో చదువుకున్నవాడు ‘మైనారిటీ సోదరుడు’ అని నోరారా అంటాడు, ఇల్లు మాత్రం అద్దెకు ఇవ్వడు. ఈ ఇద్దరిలో మర్యాద తెలిసినవాడెవడో చెప్పనక్కరలేదు. పదం ఒక్కటే గీటురాయి అయితే తీర్పు తలక్రిందులవుతుంది.

పాత గ్రంథాల విషయంలో కూడా వివేకం అవసరం. 1868లో కెప్టెన్ కార్ ప్రచురించిన తెలుగు సామెతల సంకలనంలో కులాల పేర్లతో ఎగతాళి చేసే సామెతలు ఎన్నో ఉన్నాయి. వాటిని కొట్టివేసి కొత్త ముద్రణ వేయటం చరిత్రను చెరపటమే అవుతుంది. నాటి సమాజం ఎవరిని చూచి నవ్విందో తెలియటానికి అవి సాక్ష్యం. కాని అవే సామెతలను నేటి పిల్లల వాచకంలో జాతీయాలుగా అచ్చువేయటం వేరు. గ్రంథాలయంలో దాచవలసినదానికి, తరగతిలో వల్లె వేయించవలసినదానికి గల భేదం తెలిస్తే సగం వివాదం తీరుతుంది.

కాని అతి ఉన్నదని మొత్తానికే నీళ్లు వదలటం ఎంత ప్రమాదమో 2020 చూపింది. వ్యాధులకు దేశాల, ప్రజల పేర్లు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సూచనలు ఇచ్చింది. ఆ నియమం ప్రకారమే 2020 ఫిబ్రవరి 11న కొత్త జబ్బుకు కోవిడ్–19 అనే పేరు పెట్టింది. మార్చి నెలాఖరులో ఢిల్లీ నిజాముద్దీన్‌లోని తబ్లీగీ జమాఅత్ కేంద్రం సంగతి బయటపడగానే, ఆ రోగానికి ఒక మతం పేరు తగిలించే ప్రచారం దేశమంతటా సాగింది. జబ్బు పేరు పక్కన ‘జిహాద్’ అనే మాట చేరింది. ఏ సమాజం మీదా ముద్ర వేయరాదని ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించవలసి వచ్చింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జమాఅత్‌కు వచ్చిన విదేశీయులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, ప్రచార సాధనాలు దుష్ప్రచారం చేశాయని తప్పుపట్టింది. తీర్పు వచ్చింది. కాని ఈ నడుమ గడచిన నెలలలో తోపుడుబండ్ల మీద కూరగాయలు అమ్ముకునేవారిని పేరు అడిగి వెనక్కి పంపిన వీధులున్నాయి. ఒక మాట ఒక కుటుంబం పూట గడవకుండా చేయగలదు. దీనిని భావస్వేచ్ఛ అనే పెద్ద మాటతో కప్పిపుచ్చటం వీలు కాదు.

చేయవలసిన పని

పదమర్యాదకు నేటికీ విలువ ఉన్నది. అయితే ఆ విలువ పదాల జాబితాలో లేదు. పిలవబడే వారు ఆ పేరును అంగీకరించారా, ఆ పదం నేడు ఏ పని చేస్తున్నది, ఆ మాట వెనుక ముఖం ఎటు తిరిగి ఉన్నది అనే మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పటంలో ఉన్నది. మాటను మార్చినవాడు ఒక వాగ్దానం చేసినట్లు. ఆ వాగ్దానం చెల్లించకపోతే అది అబద్ధమవుతుంది. అసలు వాగ్దానమే చేయనివాడు బాకీ ఉన్నట్లు కూడా ఒప్పుకోడు.

ఈ పనిని ఇతరులు మొదలు పెట్టేవరకు ఆగనక్కరలేదు. తెలుగులో వెలువడే ముస్లిం పత్రికలు, మదరసా వాచకాలు, వివాహ ప్రకటనలు చేతికి దగ్గరగా ఉన్నవి. వంశాన్ని, మేని రంగును, వృత్తిని తక్కువ చేసే మాటలు వాటిలో ఎన్ని ఉన్నాయో చూచి తొలగించవచ్చు. మసీదు కమిటీలలో నూర్‌బాషా, హజాం, ధోబీ కుటుంబాల వారికి ఎన్ని స్థానాలు ఉన్నాయో లెక్కవేయవచ్చు. చక్రాల కుర్చీతో వచ్చేవాడు వుజూ స్థలం దాకా వెళ్లగలడా అని చూడవచ్చు. ఉమ్మె మక్తూమ్ కుమారుణ్ణి అజాన్‌కు నిలబెట్టిన సంప్రదాయం తమదని చెప్పుకొనేవారు, తమ ఊరి మసీదులో అతనివంటి వానికి దారి ఉన్నదో లేదో ఈ శుక్రవారమే వెళ్లి చూడవచ్చు.